ఊరి బయట సీట్లు మార్చుకునేవాళ్ళం

నా మొదటి కారు లేత నీలం రంగుది. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడాయన ఆరేళ్ళు వాడి, కొత్తది కొనుక్కుంటూ దీన్ని మాకు అమ్మాడు. వెనక ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు, ఎవరో ఒకరు దిగి బయటి నుంచి తీయాలి. ఏసీ ఉందన్న మాటే కానీ, ఏప్రిల్ నెలలో అది వేసుకున్నా ఒకటే, అద్దం దించుకున్నా ఒకటే. అయినా దాని తాళంచెవి చేతికి వచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం నా పెళ్ళినాడు కలగలేదు. ఈ మాట మా ఆయన ముందే అన్నాను. ఆయన నవ్వి, "పెండ్లినాడు నీకు జొరం గదా" అన్నాడు. అప్పట్లో ఆయన నవ్వేవాడు.

నేను జమ్మలమడుగులో హైస్కూలు టీచర్ని, లెక్కలు చెబుతాను. కాపురం ప్రొద్దుటూరులో. మా ఆయనకు ప్రొద్దుటూరులోనే ఒక ఆఫీసులో గుమాస్తా పని. పదిహేనేళ్ళు బస్సులో నిలబడి పోయి, నిలబడి పాఠం చెప్పి, నిలబడి వచ్చేసరికి నా నడుము నా మాట వినడం మానేసింది. అందుకని నలభై రెండేళ్ళ వయసులో డ్రైవింగు స్కూల్లో చేరాను. మా ఆయన కూడా నాతోపాటే, ఒకే రోజు చేరాడు.

ఆయన పదకొండు రోజులు వచ్చాడు. క్లచ్చు మెల్లగా వదలమంటే, నిప్పు మీద పెట్టినట్టు కాలు ఎగదీసేవాడు. బండి ఒక్క దూకు దూకి ఆగిపోయేది. నేర్పించేవాడు మర్యాదస్తుడు, "సార్, ఇంగోసారి" అనేవాడు. వెనక సీట్లో కూర్చున్న నేను మర్యాదస్తురాలిని కాను. పకపకా నవ్వేదాన్ని. పన్నెండో రోజు ఆయన మోకాలు నొప్పి అన్నాడు. నేను మాత్రం నెల తిరిగేసరికి బజారులో, అదీ సాయంత్రంపూట బంగారు అంగళ్ళ సందులో తోలాను. లైసెన్సు ఇద్దరికీ వచ్చింది. పరీక్షనాడు ఆయన ఒకటో గేరులో నేరుగా పోయి నేరుగా ఆగాడు. చూసే అధికారి తొందరలో ఉన్నట్టున్నాడు, చాల్లే అన్నాడు.

ఆ కారుతో నా పొద్దున్నలు మారిపోయాయి. ఊరు దాటితే రెండు పక్కలా నల్లరేగడి, చలికాలంలో శనగచేలు. ఎవరూ నా భుజం మీద పడి కునుకు తీయరు. ఎవరి సంచీ నా మొహానికి తగలదు. పదిహేనేళ్ళుగా ఎవరికో ఒకరికి పక్కకు జరుగుతూ వచ్చినదాన్ని, మొదటిసారి నేను పోతుంటే ఇతరులు పక్కకు జరుగుతున్నారు. అది చాలా బాగుండేది. బాగుండేదని చెప్పడానికి సిగ్గు కూడా లేదు నాకు.

ఆదివారాలు ఇద్దరం తిరిగేవాళ్ళం. గండికోటకు పోయి, లోయ చూసి, తెచ్చుకున్న చిత్రాన్నం తిని వచ్చేవాళ్ళం. మా ఆయనంత మంచి ప్రయాణికుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. పక్క సీట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచి, పొట్టు ఊది, గింజలు నా అరచేతిలో పెట్టేవాడు. స్పీడ్ బ్రేకర్లన్నీ ముందే చెప్పేవాడు. నేను వెనక్కి తీసేటప్పుడు దిగి నిలబడి "రానీ, రానీ, రానీ, నిలుపు" అనేవాడు. శనివారం పొద్దున్నే నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి ముందు కట్టేవాడు. బండిని కడిగేది ఆయనే, తుడిచేది ఆయనే. తోలడం ఒక్కటే నాది.

మా స్టాఫ్ రూములో నేను ఆయన డ్రైవింగు గురించి కథలు చెప్పేదాన్ని. ఆయన తోలితే నడిచిపోయేవాళ్ళు మమ్మల్ని దాటి, ముందుపోయి, టీ తాగి, మళ్ళీ మాకు ఎదురొస్తారని చెప్పేదాన్ని. వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఉండగానే చెప్పేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవాడు. నాకు నోరెక్కువ అని అందరూ ఎరుగుదురు, కనుక నేను ఏమన్నా చెల్లిపోయేది.

ఇక ఆయన ఊరి సంగతి. పులివెందులకు ఇవతల, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోవాలి. గొర్రెలు మేపుకునేవాళ్ళ ఊరు. ఇప్పుడు చీనీతోటలు, బోర్లు వచ్చాయి కానీ ఇంటింటికీ మంద ఇంకా ఉంది. మా ఆయనకు పదేళ్ళప్పుడు వాళ్ళ నాయన పోయాడు. పెద్దవాడైన అన్న మంద వెనక తిరిగి తమ్ముణ్ణి చదివించాడు. అన్న అంటే నాకు బావ. రెండు చేతులతో పొట్టేలిని ఎత్తి భుజాన వేసుకోగలడు. చీకట్లో చేత్తో తడిమి ఏ గొర్రె ఏదో చెప్పగలడు. మా ఆయనకు చిన్నప్పుడు గొర్రెను పట్టుకోవడం కూడా వచ్చేది కాదట. వెనక కాలు దొరకబుచ్చుకుంటే గొర్రె ఈడ్చుకుపోయేదట, ఊరంతా నిలబడి నవ్వేదట. పెళ్ళైన కొత్తలో, నన్ను నమ్మి, ఆయనే చెప్పాడు. అప్పటి నుంచి గొడవ వచ్చినప్పుడల్లా నేను ఆ గొర్రెను బయటికి తీసేదాన్ని.

ఉద్యోగం వచ్చాక ఊళ్ళో ఆయనకు మర్యాద వచ్చింది. కానీ అది పెన్ను మర్యాద. అర్జీ రాయాలంటే పిలుస్తారు, ట్రాక్టరు దిగబడితే పిలవరు. ఆ ఊళ్ళో మా ఆయనకు కావలసింది ఒక్కటే. చేత్తో చేసే పని ఒక్కటైనా వచ్చినవాడిగా వాళ్ళన్న ముందు నిలబడాలి. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని తర్వాత చెప్పుకునే వీలు లేదు.

కారు కొన్నాక మొదటిసారి ఆ ఊరికి బయలుదేరాం. జమ్మలమడుగు మీదుగా పోయి, పెన్నా దాటి, ముద్దనూరు దాటి పులివెందుల దోవలో పోతున్నాం. ఊరి మలుపు దగ్గర నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఒకటి మూతబడి ఉంది. పగిలిన బండల కుప్పలు, కంపచెట్లు తప్ప ఏమీ లేవు.

"రోంత దాని ఎనక్కి పోనీ" అన్నాడు.

ఒంటేలుకేమో అనుకుని పోనిచ్చాను. ఆపగానే దిగి, చుట్టూ చూసి, నా వైపు తలుపు తీశాడు.

"ఈడ్నుంచి నేను తోల్తా. నువ్వు ఆ పక్క కూర్చో."

"ఎవరు చూడాలని?"

"మా అన్న" అన్నాడు.

అంత నేరుగా చెప్పేసరికి నేను నవ్వలేకపోయాను. దిగి ఎడమ సీట్లోకి మారాను. ఆయన ఒకటో గేరు వేశాడు. రెండోది ఆయనకు పడదు. ఒకటో గేరులోనే, ఇంజను ఒకటే రొద పెడుతుండగా, వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మట్టిబాట మీద ఊళ్ళోకి తోలాడు. మేం వస్తున్న సంగతి పావుగంట ముందే ఊరికి వినిపించి ఉంటుంది. ఇంటి ముందు ఆపాడు. ఆగింది. ఆయన దిగిన తీరు చూడాలి. తలుపు మెల్లగా వేసి, దాని మీద చెయ్యి ఒక నిమిషం అట్లాగే ఉంచాడు.

మా బావ దొడ్లోంచి వచ్చి కారు చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద, గొర్రె వీపు తడిమినట్టు చెయ్యి వేసి చూశాడు. "బలే తోల్తాండావే" అన్నాడు. మా ఆయన "ఏముందిలేన్నా, అలవాటైపాయ" అన్నాడు. మా అత్త అరుగు మీద కూర్చుని నన్ను కింది నుంచి మీదికి చూసి, "మొగుడు తోల్తాంటే దొరసాని మాదిరి కూర్చోనొస్తాండావు మే" అంది. పళ్ళు కొరుక్కుని నవ్వాను.

తిరిగి వచ్చేటప్పుడు కష్టం లేదు. ఊరి వీధి ఒక వైపు పోయి, చుట్టు తిరిగి మళ్ళీ బాటలో కలుస్తుంది. వెనక్కి తీసే పని లేకుండా ముందుకే పోవచ్చు. మలుపు దగ్గర, ఫ్యాక్టరీ వెనక, మళ్ళీ సీట్లు మార్చుకున్నాం. ఆయన చొక్కా వీపు తడిసి సీటుకు అంటుకుపోయింది. "ఎట్ల తోలినా?" అని అడిగాడు. బాగా తోలారన్నాను.

అట్లా రెండున్నరేళ్ళు, పోయినప్పుడల్లా మార్చుకున్నాం. మొదట్లో వేడుకగా ఉండేది, తర్వాత తర్వాత విసుగు పుట్టింది. డెబ్బై కిలోమీటర్లకు దగ్గరగా నేను తోలి, కడపటి మూడు ఫర్లాంగులకు ఎడమ సీట్లో చేతులు ముడుచుకుని కూర్చోవాలి. దిగాక ఆయనకు మంచం, నాకు వంటిల్లు. మా అత్త ప్రతిసారీ ఆ దొరసాని మాట అనేది. నేను బస్సులో స్కూలుకు పోతానని ఆ ఊరికి చెప్పి ఉంచాం. ఆ అబద్ధానికి నేనూ తలూపాను.

మూడో ఏడు వాళ్ళ ఊళ్ళో దేవర చేశారు. గ్రామదేవతకు పొట్టేళ్ళు కొట్టే పండగ అది, కొన్నేళ్ళకొకసారి చేస్తారు. చుట్టాలంతా దిగారు. మేం మామూలుగా సీట్లు మార్చుకుని, మామూలుగా రొద పెట్టుకుంటూ ఊళ్ళోకి పోయి, ఇంటి ముందు ఆపాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్ళు షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నారు. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. మైదుకూరు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, వరసకు మా ఆయనకు మామ, నన్ను చూసి అడిగాడు.

"ఏమప్పా, నీ పెండ్లాము గూడా కారు తోల్తాదంటనే? మావోళ్ళు జమ్మలమడుగులో చూసినారంట."

మా ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత తేరుకుని నవ్వాడు.

"యాడ తోల్తాది మామా. బ్రేకేదో క్లచ్చేదో తెలీదు దానికి. దాని చేతికిస్తే గొర్రెల మందలోకి తోల్తాది. బస్సెక్కి పోతాదంతే."

అందరూ నవ్వారు. మా బావ మాత్రం నవ్వలేదు, అయితే అప్పుడు నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నా చెవిలో 'దానికి' అన్న మాటొక్కటే ఉంది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను ఎప్పుడూ అట్లా అనలేదు. ఆయన భయంతో అన్నాడని, దొరికిపోతానేమోనని నోటికొచ్చింది అన్నాడని ఇప్పుడు తెలుసు. నిజం చెప్పాలంటే అప్పుడూ తెలుసు. స్టాఫ్ రూములో నేను ఎన్నేళ్ళుగా ఆయన్ను ఎన్ని మాటలు అన్నానో అదీ తెలుసు. అయినా ఒళ్ళు మండింది. చెంబు అక్కడే పెట్టి లోపలికి పోయాను. ఈయనకు ఈ రోజు బుద్ధి చెప్పాలనుకున్నాను.

అవకాశం దానంతట అదే వచ్చింది. నాలుగింటికి బయలుదేరదామని బయటికి వస్తే, మేం ఎప్పుడూ పోయే వైపు వీధికి అడ్డంగా షామియానా గుంజలు పాతి ఉన్నాయి. ముందుకు దారి లేదు. కారును వెనక్కి తీసి, సందులోంచి బయటి దాకా వెనక్కే పోవాలి. సందుకు రెండు పక్కలా నాపరాళ్ళు నిలువుగా పాతిన కంచె. నాకైతే రెండు నిమిషాల పని. మా ఆయన అంతకుముందు వెనక గేరు వేసి ఎరుగడు. ఆ బండికి గేరు రాడ్డు కిందికి నొక్కితేనే వెనక గేరు పడుతుందని కూడా ఆయనకు తెలియదు.

ఆయన కారు దగ్గర నిలబడి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాకపోవడమేమిటి. 'ఈ ఒక్కసారి ఏదో ఒకటి చెప్పి నువ్వు తోలు' అని అడుగుతున్నాడు. నేను ఒక్క మాట అంటే చాలు. ఆయనకు తలనొప్పిగా ఉందనవచ్చు. నాకు నేర్చుకోవాలని సరదాగా ఉంది, ఒకసారి చూస్తాను అనవచ్చు. పల్లెటూరి మర్యాద అంత సులభంగా నిలబడుతుంది.

నేను పోయి ఎడమ సీట్లో కూర్చున్నాను. తలుపు వేసుకున్నాను. బెల్టు పెట్టుకున్నాను. అందరికీ వినబడేట్టు, "తోలండి, పొద్దుపోతాంది" అన్నాను.

ఆయన ఎక్కాడు. బండి స్టార్టు చేసి గేరు రాడ్డును అటూ ఇటూ కదిలించాడు. బండి ముందుకు దూకి, షామియానా గుంజకు జానెడు దూరంలో ఆగిపోయింది. జనం మూగారు. మళ్ళీ స్టార్టు చేశాడు, మళ్ళీ ముందుకే దూకింది. ఈసారి గుంజకు తగిలింది, షామియానా ఒక పక్క కుంగింది. కింద కూర్చున్న ఆడవాళ్ళు లేచి పరిగెత్తారు. ఎవరో "ఎనక్కి, ఎనక్కి" అన్నారు. "ఎనక గేరు మర్సిపోయినట్టుండాడు" అని ఇంకెవరో అన్నారు. మైదుకూరు చుట్టం కిటికీలో తల పెట్టి, "కిందికి నొక్కప్పా, ఆ రాడ్డు" అన్నాడు. మా ఆయన రాడ్డు వదిలేసి కాలితో క్లచ్చునే నొక్కుతున్నాడు. స్టీరింగు మీద చెమట చుక్కలు పడుతున్నాయి.

"గేరు ఏది?" అని చాలా చిన్న గొంతుతో నన్ను అడిగాడు.

"నాకేం తెలుసు. బ్రేకేదో క్లచ్చేదో తెలియనిదాన్ని" అన్నాను. ఆయనకు మాత్రమే వినబడేట్టు అనలేదు.

అప్పుడు నవ్వు మొదలైంది. ముందు పిల్లలు, తర్వాత అందరూ. ఆ నవ్వులో మా బావ వచ్చి డ్రైవరు వైపు తలుపు తీశాడు. తమ్ముడి చెయ్యి పట్టి, "దిగు నాయనా" అని కిందికి దించాడు. యాభై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి, వాళ్ళన్న చెయ్యి పట్టుకుని చిన్నపిల్లవాడిలా దిగాడు.

నేను అప్పుడు బెల్టు విప్పాను. దిగి, కారు ముందు నుంచి నడిచి, తీరిగ్గా కుడివైపుకు వచ్చి కూర్చున్నాను. రాడ్డు నొక్కి వెనక గేరు వేశాను. మెడ తిప్పి చూస్తూ, ఒక్క బండకూ తగలకుండా, ఒక్కసారీ ఆపకుండా, ఆ సందంతా ఒకే ఊపులో వెనక్కి తీశాను. నవ్వు ఆగిపోయింది. ఆ నిమిషంలో నేను పట్టలేనంత సంతోషంగా ఉన్నాను. ఇది దాచిపెడితే ఇదంతా రాయడం దండగ.

బయట ఆపి, "రాండి" అని పిలిచాను. ఆయన వచ్చాడు. ముందు తలుపు దగ్గరికి రాలేదు. వెనక ఎడమ తలుపు తీసుకుని, వాళ్ళమ్మ ఇచ్చిన కూర క్యారియరు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ఫ్యాక్టరీ దాటాం, ఆగలేదు. ఇంటి ముందు ఆపాక, లోపలి నుంచి తలుపు తెరుచుకోదు కదా, నేను దిగి తీసేదాకా ఆయన లోపలే కూర్చుని ఉన్నాడు.

ఆ తర్వాత ఆయన ముందు సీట్లో కూర్చోలేదు. అడిగితే కాళ్ళు చాపుకోవడానికి వీలుగా ఉందనేవాడు. స్పీడ్ బ్రేకర్లు చెప్పడం మానేశాడు. శనివారం నిమ్మకాయ మాత్రం కట్టేవాడు. నాతో పని చేసేవాళ్ళు, "మేడం, మీకు సారు జీతమెంత ఇస్తున్నారు" అని నన్ను ఆటపట్టించారు. అలిగిన మనిషి ఎన్నాళ్ళు అలుగుతాడులే అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. శనగ కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు గొర్రెల మందలు కట్టించుకుంటారు. మా బావ తన మందను జమ్మలమడుగు పక్కకు తోలుకొచ్చాడు. ఒకరోజు మధ్యాహ్నం బడి వదిలే వేళకు గేటు దగ్గర, కంబళి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. నా కోసమే వచ్చాడు.

"వాడు బాగుండాడా మా?" అని అడిగాడు. బాగున్నాడన్నాను. కంబళి రెండో భుజం మీదికి మార్చుకుని, మళ్ళీ అన్నాడు.

"నీకొక మాట జెప్పల్ల. మీరు ఆ ఫ్యాక్టరీ ఎనక సీట్లు మార్చుకునేది నేను మొదటి పొద్దే చూసినా. నా మంద ఆ కంపల్లోనే ఉండె. అడ్డదోవన మీకంటే ముందే ఇల్లు చేరుకున్యా. గొర్రెలోనికి కనపడకుండా దాంకునే చోటు ఈ సుట్టుపక్కల యాడుంది మా? వాడు గూడా గొర్రెలోళ్ళ ఇంట్లో పుట్టినోడే, ఆ మాత్రం మర్సిపాయ."

ఊళ్ళో ఇంకెవరికైనా తెలుసా అని అడిగాను.

"అందరికీ తెలుసు. మా యమ్మకు గూడా తెలుసు. ఎవురూ నోరెత్తద్దండి అని నేనే జెప్పినా. కారు దిగేటప్పుడు వాని మొగం చూసినావా నువ్వు? చిన్నప్పటి నుంచి నగుబాట్లు పడినోడు. రోంత సంతోషపడనీలే అనుకున్యాము. దేవరనాడు బయటి చుట్టాలు ఉన్యారు, పిల్లోళ్ళు ఉన్యారు. నా చేతిలో లేకపాయ." పోబోతూ వెనక్కి తిరిగి, "మాకు తెలుసన్న సంగతి వానికి తెలీనీయద్దు మా. తెలిస్తే ఇంగ ఊరికి రాడు" అన్నాడు.

ఆ రోజు నేను కారు తీసి ఇంటికి పోవడానికి చాలాసేపు పట్టింది. మా అత్త దొరసాని మాట గుర్తొచ్చింది. నన్ను పొడవడానికి అంటోందని రెండున్నరేళ్ళు పళ్ళు నూరాను. ఆమె కొడుకు కోసం నాటకంలో తన వంతు మాట చెబుతూ వచ్చింది. చదువు లేని ఆ ఊరంతా కలిసి కాపాడుతూ వచ్చినదాన్ని, పిల్లలకు చదువు చెప్పే నేను ఒక్క మధ్యాహ్నంలో పడగొట్టాను. మా ఆయనకు క్షమాపణ చెప్పాలనుకున్నాను. రేపు చెబుదామనుకుంటూ వారం గడిచింది.

ఇంతవరకు జరిగినదానికి కోపం అని ఒక సాకు ఉంది. తర్వాతదానికి అదీ లేదు. ఒక ఆదివారం కూరగాయల మార్కెట్టుకు పోతున్నాం. ఆయన ఎప్పట్లాగే వెనక ఉన్నాడు. ఒక ఆటో అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాను.

"రోంత సూసి తోలు" అన్నాడు. అంతే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఎట్లా తోలాలో మీ దగ్గర నేర్చుకోవాలా?" అన్నాను. అక్కడితో ఆపి ఉండవచ్చు. "మీ ఊళ్ళో అందరికీ మొదటి రోజే తెలుసు. మీ అన్న కంపల్లోంచి చూశాడంట. మీ అమ్మకూ తెలుసు. ఏడుస్తాడులే పాపం అని అందరూ ఊరుకున్నారంట."

అద్దంలో ఆయన మొహం చూస్తూ చెప్పాను. చూడాలనే చెప్పాను. 'ఏడుస్తాడు' అన్న మాట మా బావ అనలేదు, నేను కలిపాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మార్కెట్టు వచ్చింది, దిగి తలుపు తీశాను. సంచీ తీసుకుని లోపలికి పోయి వంకాయలు, బీరకాయలు బాగా ఏరి తెచ్చాడు.

అప్పటి నుంచి ఆయన ఊరికి పోలేదు. ఉగాదికి పోలేదు. వాళ్ళన్న కూతురికి కొడుకు పుడితే పోలేదు. ఫోను చేస్తే ఆఫీసులో పని ఉందనేవాడు. వాళ్ళమ్మతో మాత్రం రెండు మాటలు మాట్లాడి పెట్టేసేవాడు. అన్న పేరు ఫోను మీద కనబడితే, అది మోగి మోగి ఆగేదాకా దాని వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఏడాది తిరిగాక, ఒక పొద్దున్నే మా బావ ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఇంటి నెయ్యి డబ్బా ఉంది. గేటు చప్పుడుకు మా ఆయన కిటికీలోంచి చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా వెనక తలుపు గుండా బయటికి పోయాడు. ఇంట్లో లేడని చెప్పాను. బావ హాల్లో, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. ఏడాదిలో మనిషి బాగా తగ్గిపోయాడు. కాఫీ ఇస్తే గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా ఉన్నాడు.

"నేను జెప్పింది వానికి జెప్పినావా మా?" అని అడిగాడు.

చెప్పానని అనడానికి నా దగ్గర ఒక నిమిషం ఉంది. ఆ మొహం చూస్తే ధైర్యం చాలలేదు. నాకు ధైర్యం చాలనిది నా జీవితంలో అదొక్కసారే.

"లేదు బావా" అన్నాను.

ఆయన తల ఊపాడు. నమ్మాడు. గ్లాసు కింద పెట్టి, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "అయితే నా మీదే కోపం వానికి. అంతమంది ముందర చెయ్యి పట్టుకోని దించినా గదా. అట్ల జేసుండకూడదు నేను. ఆ పొద్దు నుంచి అదే అనుకుంటాండా. నగుతాండారని, బిరీన పక్కకు తీసుకుపోదామని దించినా గానీ, వానికి తలగొట్టేసినట్టయింటాది. తప్పు నాదే మా."

కాదని నేను అనలేదు. కాదంటే మిగతాదంతా చెప్పాలి.

బస్టాండులో దింపుతానన్నాను. ముందు సీట్లో, మా ఆయన ఒకప్పుడు కూర్చునే చోట కూర్చున్నాడు. సీటు బెల్టు ఎట్లా పెట్టుకోవాలో తెలియకపోతే నేనే వంగి పెట్టాను. దోవలో ఒక్కసారి, "బాగా తోల్తాండావు మా" అన్నాడు. పులివెందుల బస్సు ఎక్కి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, తను వచ్చిపోయిన సంగతి కూడా తమ్ముడికి చెప్పొద్దన్నాడు. వాణ్ణి ఏమీ అనొద్దన్నాడు. నేను సరేనన్నాను.